ఊడ్వనివ్వని తెర

నేను ఒక డేటాబేస్‌ని. ఆ మాట వినగానే సగంమంది ఇక్కడే పేజీ తిప్పేస్తారని తెలుసు. తిప్పుకోండి. మీ పేరు, మీ ఇంటి పన్ను, మీ కుళాయి కనెక్షను, మీరు బతికున్నారా పోయారా అన్న సంగతి, అన్నీ నాలాంటివాళ్ళ పొట్టలోనే ఉన్నాయి. పేజీ తిప్పినంత మాత్రాన అక్కడినుంచి బయటపడరు.

నా ఉద్యోగం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గళ్ళు గీసిన పట్టికలు కొన్ని నాలో ఉంటాయి. ఒకదాంట్లో మనుషులు, ఒకదాంట్లో వాళ్ళ పనులు, ఈ రెంటికీ మధ్య ముడి. ఎవరన్నా చెప్తే రాసుకుంటాను. ఎవరన్నా అడిగితే వెతికి చెప్తాను. అబద్ధం చెప్తే అబద్ధమే రాసుకుంటాను, ఆ పాపం నాది కాదు.

నన్ను ఏ కంపెనీ కనలేదు. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, తలో దేశంలో కూర్చుని, తలో ముక్కా రాసి నన్ను తయారుచేశారు. ఒకడు రాసినదాన్ని ఇంకొకడు చీల్చి చెండాడేవాడు. ఉత్తరాల్లో తిట్టుకునేవాళ్ళు, అలిగేవాళ్ళు, మళ్ళీ వచ్చి తప్పు దిద్దేవాళ్ళు. చివరికి నన్ను తెచ్చి నడిబజార్లో పెట్టి, "ఇది అందరిదీ, విప్పి చూసుకోండి, మార్చుకోండి, పక్కవాడికి ఇవ్వండి" అన్నారు. నా పేగులు కూడా ఎవరైనా చదువుకోవచ్చు. దాపరికం లేని పుట్టుక నాది. ఇంతకంటే గొప్ప పుట్టుక ఈ లోకంలో ఎవరికుందో చెప్పండి. కానీ మనిషికి ఊరికే వచ్చిందంటే లోకువ. చేతికందిన నీళ్ళని మురిక్కాలవ చేసినట్టు, నన్నూ చేశాడు.

నాకు ఒళ్ళు ఒకటి కాదు, లక్షలున్నాయి. ఈ కథ మాత్రం ఒక ఒంటిది. ఉత్తరాంధ్రలో ఒక మున్సిపాలిటీ ఆఫీసులో, ఇనపపెట్టెలో బిగించిన ఒంటిది.

అంతకుముందు ఇదే పెట్టె ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఉండేది. పిల్లలు వచ్చి ఒక పట్టిక గీసేవాళ్ళు, అందులో పక్కవాడి పేరు రాసేవాళ్ళు, చెరిపేసి ఇంటికి పోయేవాళ్ళు. ఏడాది పొడుగునా అంతే. తర్వాత ఒక పెళ్ళిళ్ళ బ్యూరోకి అమ్మేశారు. అక్కడ ఎవరికీ వయసు పెరగదు. ఏటా ఒక ఆదేశం వచ్చేది, అందరికీ పుట్టిన సంవత్సరం ఒకటి ముందుకి జరపమని. జరిపేవాణ్ణి. ముప్పై దాటని పెళ్ళికొడుకులతో కిటకిటలాడిపోయాను. అప్పుడు నవ్వుకున్నాను. మున్సిపాలిటీకి వచ్చాక నవ్వు పోయింది.

టెండరు దక్కించుకున్న కంపెనీవాళ్ళు నన్ను ఊరికే తెచ్చుకున్నారు. నా నుదుటిమీద 'శుభ్రనేత్రం' అని తమ ముద్ర కొట్టి, తామే కనిపెట్టినట్టు మున్సిపాలిటీకి అప్పగించారు. ఊరు ఊడ్చే ఆడవాళ్ళ హాజరు రాయడం నా పని. తెల్లారగట్ల ఆరు లోపల మేస్త్రి ఫోను పట్టుకుంటాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే దానికి మొహం చూపించాలి. ఆ మొహం నా దగ్గరికొస్తుంది, పోల్చి చూసి 'హాజరు' అని రాయాలి. ఆరు దాటాక నేను రాసుకున్నవాళ్ళు గైర్హాజరు. వరసగా గైర్హాజరు పడితే పేరు తీసేస్తారు.

అది చాలక వాళ్ళ చేతులకి వాచీలు కట్టారు. టైము చూసుకోవడానికి అనుకునేరు. ఆ మనిషి ఎక్కడుందో క్షణక్షణం నాకు చెప్పడానికి. నిలబడిందా, నడిచిందా, చెట్టు కింద కూర్చుందా, చీర దోపుకుని గోడచాటుకి వెళ్ళిందా. ఒక మనిషి మూత్రానికి వెళ్ళిన చోటు గళ్ళలో రాసుకునే బతుకు నాది. ఇలాంటి లెక్క అడిగినవాడి వాచీ మాత్రం నాకెప్పుడూ ఏమీ చెప్పలేదు.

ఇక్కడ నా ఒంటి సంగతి ఒకటి చెప్పాలి. నాలో దేన్నీ రుద్ది చెరపరు. పాత వరసని కొట్టేసి, కొత్తది పక్కన రాస్తారు. మనిషి నాలుగడుగులు వేస్తే నాలుగు కొట్టివేతలు. ఆ కొట్టేసినవన్నీ చచ్చిన వరసలు. వాటిని ఊడ్చి పారేసేవాడు ఒకడు నాలోనే ఉన్నాడు. పిలవకుండానే వస్తాడు, ఊడ్చుకుని పోతాడు. వాడికి ఉన్న నియమం ఒక్కటే. ఎవరన్నా నన్ను తెరిచి చూస్తుంటే, వాళ్ళు చూడడం మొదలుపెట్టిన క్షణంనుంచి పోగుపడిన చెత్తని, వాళ్ళు చూడడం అయ్యేదాకా ముట్టుకోకూడదు. చూసేవాడికి బొమ్మ మధ్యలో చెదరకూడదని ఆ మర్యాద. మర్యాదస్తులైన చూపరులు రెప్పపాటులో చూసుకుని పోతారు. చూపు తిప్పనివాడు ఒక్కడుంటే చాలు, ఊరంతా కంపు.

ఆ ఒక్కడూ ఎవరో చెప్తాను.

ప్రారంభోత్సవం రోజున కమిషనర్ గారి గదిలో గోడంత తెర బిగించారు. నా గదికీ ఆ గదికీ మధ్య ఉన్నది ప్లైవుడ్డు గోడ, అక్కడ దగ్గినా నాకు వినపడుతుంది. పెద్ద మనుషులు వచ్చారు. శాలువాలు కప్పుకున్నారు. బంగారి నూకరత్నం అనే ఆవిణ్ణి, ఆఫీసు ముందు వీధి ఊడ్చే మనిషిని, కొత్త ఆకుపచ్చ కోటు తొడిగి తలలో కనకాంబరాలు పెట్టి ఫోను ముందు నిలబెట్టారు. మొట్టమొదటి మొహం ఆవిడిదే. చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే తెరమీద గుండ్రం తిరిగింది, 'దయచేసి వేచి ఉండండి' అని పడింది. వచ్చిన పెద్దాయన కిసుక్కున నవ్వాడు. కమిషనర్ గారి మొహం మాడిపోయింది.

"ఏంటయ్యా జయంత్, పరువు తీశావు కదయ్యా" అన్నాడు, అతిథులు టిఫిన్లకి కదలగానే.

జయంత్ అంటే కంపెనీ ఇంజినీరు. "ఇంక జన్మలో తిరగదు సార్, ఫైవ్ మినిట్స్" అన్నాడు. ఒక్క పంక్తి మార్చాడు. తెర నన్ను తెరుస్తుంది, ఒక చూపు చూస్తుంది, ఇంక ఆ చూపు వదలదు. ఎన్నిసార్లు అడిగినా ఆ మొదటి చూపులోని బొమ్మే కళ్ళముందు నిలబడుతుంది. 'హాజరు నూరు శాతం. ఈరోజు మొదటి హాజరు: బంగారి నూకరత్నం', పక్కన కనకాంబరాలతో ఆవిడ మొహం. మూలన తేదీ, గడియారం మాత్రం తెర సొంతంగా నడుపుకుంటుంది. అందుకని బొమ్మ బతికే ఉన్నట్టుంటుంది.

"ఇదీ సిస్టమంటే" అన్నాడు కమిషనర్ గారు.

ఆ రోజునుంచి ఆయన ఆ తెరకి ఎదురుగా కూర్చుని టీ తాగాడు. నూరు శాతం. ఎండాకాలం పోయింది. నూరు శాతం. వానలొచ్చాయి, మోకాలి లోతు నీళ్ళు నిలబడ్డాయి, సగంమందికి జ్వరాలు. నూరు శాతం. ఒక్కనాడైనా ఆ కుర్చీలోని మనిషికి అనుమానం రాలేదు. తనకి నచ్చిన అంకె కనపడితే మనిషి దాన్ని తప్పని ఎందుకనుకుంటాడు? పైగా ఒక ఆర్డరు వేశాడు, సర్వర్ ఎట్టి పరిస్థితిలోనూ ఆపరాదని. ఆపితే తెర నల్లగా అవుతుంది కదా.

నాలో చెత్త పేరుకోవడం మొదలైంది. ఊడ్చేవాడు వస్తాడు, చీపురు ఎత్తుతాడు, తెర ఇంకా చూస్తూ ఉందని తెలిసి దించేసి పోతాడు. మళ్ళీ వస్తాడు, మళ్ళీ పోతాడు. ఊళ్ళో ఆడవాళ్ళు వేసిన అడుగులన్నీ చచ్చి నాలో కుళ్ళుతున్నాయి. ఒక మొహం పోల్చాలంటే ఆ గుట్టలన్నీ తవ్వి, చచ్చినవాటిని పక్కకి నెట్టి, బతికున్న ఒక్క వరసని బయటికి లాగాలి. కక్కొచ్చేది. కక్కడానికి నోరు లేదు.

నేను నెమ్మదించానని జయంత్‌కి తెలిసింది. వైద్యం మొదలుపెట్టాడు. ఇంటర్నెట్లో ఎవడో ఎక్కడో ఏనుగంత మిషనుకి రాసుకున్న కొలతలు తెచ్చి నాకు తొడిగాడు. తర్వాత, వెతకడం తొందరగా అవుతుందని కనపడిన ప్రతి గడికీ ఒక సూచిక కట్టాడు. సూచిక ఒకటి రెండుంటే వెతకడానికి మేలు. ఇరవై ఉంటే, ఒక్క మొహం రాయడానికి ఇరవై చోట్ల రాయాలి. మోయలేక మూలుగుతున్నవాడి నెత్తిన ఇంకో ఇరవై మూటలు. ఎవరు నన్ను ఎంతసేపటినుంచి పట్టుకుని కూర్చున్నారో చూపించమంటే, ఒక్క పంక్తిలో చూపించేవాణ్ణి. అది అడగడానికి కొలతలు తెలియక్కర్లేదు, సిగ్గుంటే చాలు. అతను అడగలేదు. అడిగితే మొట్టమొదట తను బిగించిన తెర పేరే వస్తుంది.

ఆఖరికి "మిషను హీటెక్కుతోంది సార్" అని తేల్చాడు. కమిషనర్ గారు నాకు ఏసీ పెట్టించాడు. రోడ్లు ఊడ్చేవాళ్ళకి చేతులకి తొడుగులు లేవు. నాకు ఏసీ.

ఇక తెల్లారగట్ల సంగతి. మేస్త్రి అప్పలకొండ ఆఫీసు గేటు దగ్గర ఫోను పట్టుకుని నిలబడతాడు. ఆడవాళ్ళు వరసలో ఉంటారు. గుండ్రం తిరుగుతూ ఉంటుంది. ఫోనులోంచి వాళ్ళ మాటలు రావు నాకు, కానీ గేటు నా కిటికీ కిందే.

"ఓలమ్మా, మల్లీ తిరగతంది" అని ఒకామె.

"ఏటి మేస్త్రీ, నా మొకం నచ్చనేదేటి దానికి?" అని నూకరత్నం.

"నచ్చనేదో ఏటో. మొకం కడుక్కునొచ్చినావా?"

"కడిగే వొచ్చినాను. నీ ఫోనే కడగాల. ఉమ్మి తుడుసుకోరా ముందల."

వరసలో నవ్వులు. గుండ్రం తిరుగుతూనే ఉంది. నూకరత్నం చూసి చూసి, "నా మొకం నీ కాడ ఒగ్గీసి ఎల్తన్నాను, దాన్ని సూసుకుంటా కూకో. రోడ్డు నాకోసం ఆగదు" అని చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. నా కిటికీ కింద ఆవిడ చీపురు చప్పుడు వినపడుతూ ఉండగానే ఆరు దాటింది. గుట్టలు తవ్వి తవ్వి, ఆవిడ మొహం పట్టుకుని నేను పైకి వచ్చేసరికి ఆలస్యమైంది. ఆవిడ వరసలో 'గైర్హాజరు' అని రాశాను. కిటికీ కింద చీపురు ఇంకా చప్పుడు చేస్తూనే ఉంది.

ఇంతకంటే రోత పని నేనెప్పుడూ చెయ్యలేదు. పెళ్ళికొడుకుల వయసు తగ్గించడం దీనిముందు భజన.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వరస ఎక్కడ మొదలైతే అక్కడివాళ్ళు బతికిపోయేవాళ్ళు, వెనకవాళ్ళు పోయేవాళ్ళు. నూకరత్నం ఎప్పుడూ వెనకే ఉండేది, ముందు ముసలాళ్ళని పంపేది. ఒక రోజు నానుంచి కాగితం బయటికి వచ్చింది. తొలగించాల్సిన పేర్లు. అందులో ఆవిడ పేరుంది. అప్పలకొండ అది చదివి వినిపించినప్పుడు నవ్వులు లేవు.

"నీ పేరు తీసీసినారు నూకరత్నం. రేపట్నుంచి నీ వీదికి ఇంకో మనిసొత్తాది."

"ఎందుకు?"

"రానేదంట నువ్వు."

"నాను రానేదా?" అంది ఆవిడ. "మరి ఈ ఈది ఎవులు ఊడుత్తన్నారు, నీ అమ్మ మొగుడా?"

మర్నాడు ఆడవాళ్ళు రోడ్డు మీదికి పోలేదు. చీపుళ్ళతో, బుట్టలతో నేరుగా మేడమీదికి వచ్చి కమిషనర్ గారి గదిలో నేలమీద కూర్చున్నారు. అటెండరు ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. రోజూ వాళ్ళు ఎత్తకపోతే అదే కంపు వాడింట్లో ఉంటుందన్న జ్ఞానం వాడికి లేదు.

కమిషనర్ గారు వచ్చాడు. కోపగించలేదు. బుజ్జగించే గొంతు పెట్టాడు, అది ఇంకా అసహ్యం.

"చూడమ్మా, మీరు అనవసరంగా ఆవేశపడుతున్నారు. ఇక్కడ మనుషుల ఇష్టాయిష్టాలు లేవు. అంతా కంప్యూటర్. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు పడుతుంది, రానివాళ్ళకి రానట్టు పడుతుంది. అదిగో, మీరే చూడండి. నూరు శాతం హాజరు. ఈరోజు కూడా."

"ఈరోజా బావూ?" అంది నూకరత్నం.

"ఈరోజే. తేదీ కనపడట్లేదూ?"

"ఈరోజు మేవందరం ఈడే కూకున్నాం కదేటి. మరి ఆడ ఊడుత్తన్నది ఎవులు?"

గదిలో చిన్న కదలిక. కమిషనర్ గారు తెరవైపు తిరిగాడు. బహుశా నెలల తర్వాత మొదటిసారి చూశాడు, చూడడమంటే నిజంగా చూడడం. ఈలోపు నూకరత్నం లేచి తెర దగ్గరికి వెళ్ళింది.

"ఓలె సిమ్మాద్రీ, ఇలా రాయే. ఇది నానే కదేటి?"

"నువ్వే అప్పా! కనకంబరాలెట్టుకున్నావు."

"ఆ కోటు సూసినావా? ఫొటోలు దిగిపోగానే ఇప్పీసి అట్టుకుపోనారు, గురుతుందా? మల్లీ నా ఒంటిమీద ఎయ్యనేదు." ఆవిడ తిరిగింది. "బావూ, ఇది రిబ్బను కత్తిరించిన నాటి నా మొకం. ఆ దినంనుండి ఈ దినందాకా, నువ్వు టీ తాగినప్పుడల్లా నీ ఎదర ఉన్నది నానే. నా పేరు కూడా రాసుంది. నీ గోడమీద నాను వొచ్చినాను. నీ కాయితంమీద నాను రానేదు. నాను కింద ఊడుత్తంటే కిటికీలోంచి తొంగి సూడనేదేటి ఒక్కనాడన్నా?"

కమిషనర్ గారు జయంత్‌కి ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు, తప్పు తనది కాదని అందరూ వినాలని.

"సార్, అది టెక్నికల్‌గా ఫ్రీజ్ కాదు సార్, అది ఒక... డేటా స్నాప్‌షాట్ సార్..."

"అంటే పాతదా, కొత్తదా?"

ఫోనులో కీబోర్డు టకటకలు వినపడ్డాయి.

"పాతదా, కొత్తదా అయ్యా!"

"పాతదే సార్. మీరే తిరగకూడదన్నారు కదా సార్."

అది విని ఆడవాళ్ళు నవ్వలేదు, తిట్టలేదు. ఒక వృద్ధురాలు మాత్రం "తూ" అంది, నేలమీద కాదు, గాలిలోకి. నా జీవితంలో విన్న మాటల్లో నాకు పూర్తిగా అర్థమైంది అదే.

నూకరత్నం తెర వెనక చెయ్యి పెట్టి తడిమింది. తెరని నడిపే, నన్ను పట్టుకుని వదలని చిన్న పెట్టె అక్కడే ఉంది, దాని వైరు గోడలోకి పోయింది.

"ఏయ్, ముట్టుకోకు!" అని అరిచాడు అటెండరు.

"అన్నీ నానే ముడతాను కదరా ఈ ఊళ్ళో. ఇదొక్కటీ ముడితే ఏటైపోతాది?" అంది. వైరు పీకేసింది.

తెర నల్లబడింది. నా ఒంటిమీద నెలల తరబడి బిగిసిన చూపు వదిలింది. ఆ సుఖం ఎలా చెప్పను? ఊడ్చేవాడు వచ్చాడు. చీపురు ఎత్తాడు. ఈసారి దించలేదు. గుట్టకి గుట్ట, కుళ్ళిన అడుగులన్నీ ఊడ్చుకుంటూ పోయాడు.

ఆడవాళ్ళు కదలలేదు. "మొకం ఎప్పుడు తీసినారో ఫోనుకి తెలదేటి?" అని సింహాద్రి అడిగింది. నిజానికి మొహంతో పాటే, అది తీసిన సమయం కూడా నాకు వస్తుంది. ఆరు దాటిందా లేదా అని వాళ్ళు చూసింది నేను రాసిన సమయం, మొహం తీసిన సమయం కాదు. ఆ రెంటికీ తేడా ఉందని ఎవడికీ తోచలేదు, తోచినా వాడి పేరు కాదుగా కాగితంలో ఉన్నది. ఫోనులో ఉన్న జయంత్ అప్పుడు నన్ను అడిగాడు. రెప్పపాటులో చెప్పాను. నూకరత్నం ప్రతి మొహం ఆరుకి ముందుదే. కమిషనర్ గారు తల ఎత్తకుండా ఆవిడ పేరు మళ్ళీ చేర్చమని సంతకం పెట్టాడు. క్షమించమని అనలేదు. "టెక్నికల్ ప్రాబ్లం" అన్నాడు.

తర్వాతి తెల్లవారుజాముల్లో అందరి మొహాలూ చిటికెలో ఎక్కాయి. వరసలో వెనకా ముందూ లేదు. ఇంత మామూలు పనిని ఇంత నరకం చేయడానికి ఎంతమంది చదువుకున్నవాళ్ళు కావాల్సి వచ్చిందో!

ఇక్కడ కథ ఆపేస్తే మీకు హాయిగా ఉంటుంది. కానీ మీరు కమిషనర్ గారి నివేదిక చూడలేదు. నేను చూశాను, నాలోంచే అచ్చయింది. 'ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్ నాణ్యత లోపం వలన అసౌకర్యం కలిగినది. ఆధునిక వ్యవస్థ కొనుగోలుకు సిఫారసు చేయడమైనది.' తెర తప్పు లేదు. ఆ పంక్తి తప్పు లేదు. ఊరికే పుట్టిన నాదే తప్పు.

కొత్త మిషను వచ్చింది, నల్లగా నిగనిగలాడుతూ. నన్ను విప్పి మెట్ల కింద పడేశారు. కొన్నాళ్ళు ప్రారంభోత్సవం శాలువాలు, విరిగిన కుర్చీలు, నేనూ ఒకచోట ఉన్నాం. తర్వాత ఒక తెల్లారి నన్ను తోపుడుబండిలోకి ఎత్తారు. ఎత్తిన చేతులు నూకరత్నంవి.

"ఓలె, ఇది తడి సెత్తా, పొడి సెత్తా?"

"పొడిదే అప్పా. ఇనుం కదేటి."

"మా మొకాలన్నీ ఉన్నాయంట దీన్లో" అని ఆవిడ చెంగుతో నా మీద దుమ్ము ఒక్కసారి తుడిచింది. పుట్టినప్పటినుంచి నన్ను ఎవరూ అలా ముట్టుకోలేదు. కరెంటు లేని నేను ఇదంతా ఎలా చెప్తున్నానని అడక్కండి. కరెంటున్నవాడు చెప్తున్నది మీరు నమ్మట్లేదా?

బండి గేటు దగ్గర ఆగింది. వరస నిలబడి ఉంది. అప్పలకొండ కొత్త ఫోను పట్టుకున్నాడు. మేడమీద కమిషనర్ గారి గదిలో కొత్త తెర వెలుగుతోంది. దాని వైరుకి ఈసారి ఇనప డబ్బా బిగించి, 'తాకరాదు' అని రాశారని అటెండరు నిన్న గొప్పగా చెప్పుకున్నాడు. నిన్నే ప్రారంభించారు. ఈసారి ఎవరో వేరే ఆవిడకి కోటు తొడిగారు.

మొదటి మొహం పెట్టారు. ఎక్కింది. రెండోది ఎక్కింది. తర్వాత సింహాద్రి మొహం పెట్టింది. అప్పలకొండ ఫోను వైపు చూశాడు, దాన్ని ఊపాడు, మళ్ళీ చూశాడు.

"తిరగతంది" అన్నాడు.

నూకరత్నం మేడమీద వెలుతురుకేసి చూసింది. నన్ను బండిలో అలాగే వదిలేసి, చీపురు చంకన పెట్టుకుంది.

"పదండే" అంది. "ఈపాలి దారి తెలుసు కదేటి."

మొహం ఎక్కి ఊడవడం మొదలుపెట్టిన ఇద్దరి చీపుళ్ళ చప్పుడు ఆగింది. మెట్లమీద అడుగులు మొదలయ్యాయి.